ఊరి సంగతి ఊరే రాసుకోవాల



ఈసారి పోస్టు తోతాపురి రేటు గురించి కాదు, మందుల గురించి కాదు. ఊరి గురించి. కొంచెం పొడుగ్గా ఉంటుంది. కరెంటు కోసం బోరు కాడ కాచుకుని కూర్చునే టైములో నిదానంగా చదువుకోండి.

ముందు ఒక ప్రశ్న అడుగుతా. మీ ఊరి చెరువుకు నీళ్లు ఏ వంకలో వస్తాయి? ఆ వంక ఎంత వెడల్పు ఉండాల? ఎవరెవరి కయ్యల పక్కన పోతుంది? మీకు తెలుసు, నాకు తెలుసు. మరి మీ ఇంట్లో ఇరవై ఏళ్ల పిల్లోడికి తెలుసా? తెలియకపోతే రేపు వాడికి చెప్పే కాగితం ఏదన్నా మీ ఊళ్లో ఉందా?

మా ఊళ్లో లేదు. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు ఇంకో ఊరికి తీసుకుపోతా రండి.

పోయిన నెలలో మా చెల్లెలి కొడుకును హైదరాబాద్ విమానం ఎక్కించడానికి రేణిగుంట ఎయిర్‌పోర్టుకు పోయినాను. తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఇంటికి రాకుండా బండిని పాపానాయుడుపేట వైపు తిప్పినాను. అక్కడి నుంచి కొంచెం దూరం పోతే గుడిమల్లం. ఏర్పేడు మండలం. స్వర్ణముఖి ఏటి దగ్గర చిన్న ఊరు. వరి కయ్యలు, ఎనుములు, కసువు వాములు, రచ్చ కాడ కూర్చున్న ముసలోళ్లు. చూస్తే మన ఊరు లాంటిదే.

కానీ ఆ ఊళ్లో పరశురామేశ్వరుడి గుడి ఉంది. లోపల లింగం సుమారు ఐదడుగుల ఎత్తు. లింగం ముందు భాగాన నిలబడిన శివుడి రూపం చెక్కినారు. అది ఎప్పటిది అనే దానిమీద పండితులకు వాదులాటలు ఉన్నాయి గానీ, క్రీస్తుకు ముందు 2వ, 1వ శతాబ్దాల నాటిదని చెప్పేవాళ్లు చాలామంది. అంటే రెండు వేల ఏళ్ల పైమాటే. మన దేశంలో దొరికిన అతి పాత లింగాల్లో ఒకటి. 1911లో గోపీనాథరావు అనే శాసన పండితుడు వచ్చి చూసి దీని గురించి రాసినాడు, అప్పటి నుంచి బయటి లోకానికి తెలిసింది. చిత్తూరు జిల్లా పుట్టింది కూడా అదే 1911లోనే, అంతకు ముందు మనలో చాలామంది ఉత్తర ఆర్కాటు కింద ఉండేవాళ్లం. 1954 నుంచి గుడి కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది.

గర్భగుడి నేల చుట్టూ ఉన్న నేల కన్నా పల్లంలో ఉంటుంది. మెట్లు దిగి లోపలికి పోవాల. గుడి పల్లంలో ఉంది కాబట్టి గుడిపల్లం అని, అదే గుడిమల్లం అయిందని చెప్తారు. 2005 డిసెంబర్‌లో భూమిలోంచి నీళ్లు ఉబికి గర్భగుడి నిండిందని ఊరోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడి వెనక భాగం ఏనుగు వీపు మాదిరి గుండ్రంగా ఉంటుంది.

ఆ శివుడిని దగ్గర నుంచి చూసినాను. ఒక చేతిలో పొట్టేలు వేలాడుతూ ఉంది. ఇంకో చేతిలో చిన్న చెంబు. భుజం మీద గొడ్డలి. మొలకు పంచె. జంధ్యం లేదు. పట్టు పీతాంబరాలు, వజ్ర కిరీటాలు ఏవీ లేవు. గొడ్డలి, పొట్టేలు, నీళ్ల చెంబు! అన్నా, ఇది మన పొద్దున్నే కొండకో, కయ్యకో బయలుదేరే మనిషి రూపం కాదా? నాకైతే మా జేజినాయన గుర్తొచ్చినాడు.

దేవుడి సంగతి అట్ల ఉంచండి. నన్ను నిలబెట్టింది గుడి గోడలు. వాటి మీద రాతలు ఉన్నాయి. ఎక్కువ తమిళంలో. పల్లవుల కాలం నుంచి బాణులు, చోళుల కాలం దాకా. 12వ శతాబ్దంలో విక్రమ చోళుడి కాలంలో గుడిని మళ్లీ రాయితో కట్టినారంట. ఆ రాతల్లో ఏముంటుంది అనుకుంటున్నారు? పురాణం కాదు. ఫలానా ఆయన గుడికి ఇంత నేల ఇచ్చినాడు, ఫలానా వాళ్లు ఇంత పైకం ఇచ్చినారు, దీపానికి నెయ్యి కోసం ఇన్ని ఆవులు ఇచ్చినారు. మొత్తం లెక్కలే. ఆ కాలపు శాసనాల్లో నేల ఇస్తే హద్దులు కూడా చెప్పేవాళ్లు. తూర్పున ఈ కాలువ, పడమట ఫలానా వాళ్ల కయ్య, ఉత్తరాన చెరువు కట్ట, ఇట్ల.

అంటే వెయ్యేళ్ల నాడు, కరెంటు లేదు, కాగితం లేదు, కంప్యూటర్ లేదు, అట్లాంటి రోజుల్లో ఒక చిన్న పల్లె తన లెక్కను అందరూ చూసేటట్టు గోడ మీద రాసి పెట్టుకుంది. రాజులు పోయినారు. జిల్లా పేరు మారింది, మళ్లీ మారింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊరు తిరుపతి జిల్లా. ఆ రాత మాత్రం అట్లే ఉంది.

గుడి బయట చెట్టు నీడన కూర్చుని నేను అనుకున్నది ఇదే. మన ఊళ్లకు గోడ లేదా, రాసేవాడు లేడా?

ఆ చుట్టుపక్కల ఊళ్ల గురించి కూడా రెండు మాటలు చెప్పాల. ఆ పక్కనే ఉన్న పాపానాయుడుపేటలో గాజు పూసలు చేస్తారు. కరిగిన గాజును బట్టీలోంచి సన్నటి గొట్టం మాదిరి పొడుగ్గా లాగి, ముక్కలు కోసి, మళ్లీ వేడి చేసి అంచులు నున్నగా చేస్తారు. ఇదే పద్ధతిలో రెండు వేల ఏళ్ల కింద పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలు చేసినారు. అట్లాంటి పూసలు తవ్వకాల్లో ఆఫ్రికా తూర్పు తీరం నుంచి ఇండోనేషియా దాకా దొరికినాయి. లోకంలో ఆ పద్ధతి ఇంకా మిగిలి ఉన్న చోటు అని పూసల మీద పరిశోధన చేసిన పీటర్ ఫ్రాన్సిస్ లాంటి వాళ్లు ఈ ఊరి పేరే రాసినారు. అదే ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది, కొయ్య బొమ్మల ఊరు. ఒక్క మండలంలో ఇన్ని సంగతులు. మనం మాత్రం తిరుపతి పోతే లడ్డు, కాళహస్తి పోతే రాహుకేతు పూజ, అంతే చూసి వచ్చేస్తాం.

ఇప్పుడు ఆ ప్రాంతం ఎట్ల ఉంది? ఒక పక్క ఎయిర్‌పోర్టు. ఇంకో పక్క ఐఐటీ, ఐజర్. 2015లో మొదలైన చదువులు, పెద్ద పెద్ద క్యాంపస్‌లు. మంచిదే, మన పిల్లలు అక్కడ చదవాలని నేనూ కోరుకుంటా. కానీ దారి పొడుగునా రంగు జెండాలు పాతిన వెంచర్లు చూసినాను. ఎకరా లెక్క పోయి అంకణం లెక్క వచ్చింది. నేల ఎకరాల్లో ఉన్నంత వరకు దాని పక్కన వంక ఉంటుంది, కాలువ ఉంటుంది, మేత బీడు ఉంటుంది. ముప్పై ఆరు చదరపు అడుగుల అంకణం లెక్కకు వచ్చిందంటే వంక కూడా ప్లాటే. స్వర్ణముఖి వానాకాలం ఏరు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే కనిపిస్తుంది. ఇసక ఉన్నంత కాలం నీళ్లు దాచుకుంటుంది. ఇసక పోతే ఒడ్డున ఉన్న బోర్లు ఏమవుతాయో మనలో ఏటి పక్క రైతులకు నేను చెప్పక్కర్లేదు.

సర్కారు దగ్గర ప్రతి ఊరికీ ఒక లెక్క ఉంటుంది, లేదని కాదు. జనాభా లెక్కల పుస్తకంలో ఊరి పేరు, విస్తీర్ణం, ఇండ్లు ఎన్ని, మనుషులు ఎంతమంది, చదువు వచ్చినవాళ్లు ఎంతమంది, బడి ఉందా, తారు రోడ్డు ఉందా అని ఒక వరుస ఉంటుంది. 2011 తర్వాత ఆ లెక్క జరగలేదు, ఇప్పుడు 2027 లెక్క అంటున్నారు. జరగనీ, మంచిది. వచ్చినోళ్లకు సరిగ్గా చెప్పండి. కానీ ఆ వరుసలో మీ చెరువు మొరవ ఎప్పుడు పారిందో ఉండదు. ఏ వంక ఎవరు పూడ్చినారో ఉండదు. ఊరికి ఎన్ని బోర్లు వేస్తే ఎన్ని ఎండిపోయినాయో ఉండదు. కువైట్‌కు, బెంగుళూరుకు పోయి ఎన్ని ఇండ్లకు తాళాలు పడినాయో ఉండదు. అది పైనుంచి చూసిన లెక్క. కింది నుంచి చూసే లెక్క మనదే.

ఇండోనేషియా అని ఒక దేశం ఉంది. బోలెడన్ని దీవులు. వాళ్లు ఊరిని ‘దేసా’ అంటారు. మన ‘దేశం’ మాటే సముద్రం దాటి అక్కడ ఊరు అయింది. 75 వేలకు పైగా దేసాలు ఉన్నాయి. అక్కడ ప్రతి ఊరూ తన వివరాల పుస్తకం తయారు చేసుకోవాలని 2007లో వాళ్ల హోం మంత్రిత్వ శాఖ నిబంధన పెట్టింది. ‘ప్రొఫిల్ దేసా’ అంటారు దాన్ని. నేల ఎంత, నీళ్లు ఎక్కడివి, ఏ పంట ఎంత, ఎవరు ఏ పని చేస్తారు, ఊళ్లో ఏ సంఘాలు ఉన్నాయి, అన్నీ. 2014లో ఊళ్ల చట్టం తెచ్చి, 2015 నుంచి ఢిల్లీ లాంటి వాళ్ల రాజధాని ఖజానా నుంచి ఊళ్లకు ఏటా నిధులు ఇస్తున్నారు. ఆ డబ్బు ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చు పెట్టినారు అని చాలా ఊళ్లలో ఆఫీసు ముందర పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంచుతారు. మనం లీడర్ పుట్టినరోజుకు కట్టే సైజు ఫ్లెక్సీ! అందులో మొహాలతో పాటు లెక్కలు ఉంటాయి, అదీ తేడా.

అక్కడ అంతా బంగారం అని నేను చెప్పడం లేదు. ఊరి నిధులు తిని జైలుకు పోయిన ఊరి పెద్దలు అక్కడ కూడా ఉన్నారు. కానీ తిన్నాడని పట్టుకోవాలంటే ముందు లెక్క కనిపించాల కదా.

ఆ దేశంలోనే బాలి దీవిలో వరి రైతుల నీటి సంఘాలు ఉన్నాయి, ‘సుబాక్’ అంటారు. కొండ మీది నుంచి కింది కయ్య దాకా నీళ్లు ఎవరికి ఎప్పుడు, కాలువ పూడిక ఎవరు తీయాల, రాకపోతే జరిమానా ఎంత, అన్నీ వాళ్లే రాసుకున్న కట్టుబాట్లు. వెనకటి రోజుల్లో తాటాకుల మీద రాసి పెట్టుకునేవాళ్లు. వెయ్యేళ్ల నాటి నుంచి ఆ పద్ధతి ఉందని 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వం కింద చేర్చింది.

మనకు లేదా అట్లాంటిది? లేకేం! కాంచీపురం జిల్లాలో ఉత్తరమేరూరు అని ఊరు. అక్కడ గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలపు శాసనాలు, సుమారు 920 నాటివి. ఊరి పనులకు కమిటీలు ఎట్ల ఎన్నుకోవాల, తాటాకు చీటీలు కుండలో వేసి ఎట్ల తీయాల అని రాసి ఉంది. అందులో చెరువుకు వేరే కమిటీ. ముందు కమిటీలో ఉండి లెక్క అప్పజెప్పనోడు, వాడి దగ్గరి చుట్టాలు కూడా మళ్లీ నిలబడకూడదు. ఈ రూలు ఇప్పుడు పెడితే మన మండలాల్లో నామినేషన్ వేసేవాడు దొరుకుతాడా చెప్పండి!

మనకు మన నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాల, ఎవరి మడికి ఎన్ని గడియలు, చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు ఎట్ల చేర్చాల, అంతా ఆయన చూసుకునేవాడు. పంట వచ్చినాక కల్లం కాడ ఆయన వాటా ఆయనకు కొలిచేవాళ్లం. ఆ ఏర్పాటు పోయింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, మొన్న 2024 డిసెంబర్‌లో సంఘాలకు ఎన్నికలు కూడా జరిగినాయి. సంఘం ఉంది. నీరుగంటి బుర్రలో ఉన్న సంగతులు మాత్రం సంఘం దగ్గర లేవు.

ఇప్పుడు మా ఊరి సంగతి.

మా చెరువు చిన్నది. పైన గుట్టల నుంచి ఒక వంక వచ్చి అందులో పడుతుంది. నా చిన్నప్పుడు ఆ వంకలో రెండు ఎద్దుల బండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత జాగా ఉండేది. ఇప్పుడు కొలిస్తే ఎనిమిది అడుగులు. కొన్నిచోట్ల ఆరు. ఒక్క రోజులో జరగలేదు. ఒక ఏడాది ఒకాయన గెనిమ ఒక మూర జరిపినాడు. చూసి పక్కాయన జరిపినాడు. వానలు లేని ఏండ్లు వరసగా వచ్చినాయి, వంకలో నీళ్లే లేవు, ఎవరికీ తప్పు అనిపించలేదు.

2021 నవంబర్ వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తిరుపతిలో వీధులు ఏర్లు అయిన వాన. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందో అని రామచంద్రాపురం మండలంలో కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించిన వాన. ఆ రాత్రి మా వంక కూడా వచ్చింది. ఎనిమిది అడుగుల్లో పట్టలేదు. కట్టలు తెంచుకుని పక్కకు మళ్లింది. పల్లంలో ఉండేది దళితవాడ. నడిరాత్రి మోకాళ్ల లోతు నీళ్లు ఇండ్లలోకి పోయినాయి. మనుషులు బతికి బయటపడినారు, అదే పదివేలు. మేకలు పోయినాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురద అయినాయి. చెరువు మాత్రం నిండలేదు! అంత వానలో మా చెరువు సగానికి కూడా రాలేదు. నీళ్లు రావాల్సిన చోటికి రాలేదు, పోకూడని చోటికి పోయినాయి.

తెల్లారి మేము సాయం చేస్తామని పోతే ఒక అవ్వ తడిసిన చాప పిండుకుంటా అనింది: “నాయనా, వంకకు మా ఇండ్ల మీద పగ ఏం ఉండాది? దాని దోవలో మీరు కూర్చున్నారు. అది మా దోవన వచ్చె.”

ఆ మాటకు మాలో ఒక్కరం కూడా నోరు ఎత్తలేదు.

తర్వాత నేను పాత పటం కోసం ఒక ఆఫీసుకు పోయినాను. వంక పాత కొలత తెలిస్తే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడొచ్చు అని. నాలుగు సార్లు తిరిగినాను. పాత పటం చినిగిపోయింది, రీసర్వే అయింది కదా, కొత్త పటం చూసుకో అన్నారు. కొత్త పటం చూసినాను. అందులో మా వంక ఎనిమిది అడుగులే. కొలిచిన రోజు నేల మీద ఎంత ఉందో అంతే దిగింది. అంటే మేము ముప్పై ఏళ్లుగా చేసిన తప్పు ఇప్పుడు రికార్డు అయి కూర్చుంది. మీ ఊళ్లో ఎల్‌పీఎం నంబర్లు వచ్చింటే మీ పొలం విస్తీర్ణం సరిపోయిందా, జాయింట్‌లో పడిందా అని మాత్రమే చూసుకుని ఉంటారు. నేనూ అదే చూసుకున్నాను. వంక ఎంత పడింది, చెరువు ఎంత పడింది, శ్మశానం దోవ ఎంత పడింది అని ఎవరం చూసినాం?

నీరుగంటి తాత ఉండి ఉంటే చెప్పేవాడు. ఏ రాయి కాడి నుంచి ఏ చింతచెట్టు దాకా వంక అనేది ఆయనకు తెలుసు. ఆయన పోయి పదేండ్లు దాటింది. ఆ చింతచెట్టు కూడా లేదు. ఆయన బతికుండగా ఒక్క పూట కూర్చుని అడిగి రాసుకుని ఉంటే సరిపోయేది. ఒక్క పూట. మాకు తీరిక లేకపోయింది.

ఇప్పుడు దాచకూడని మాట ఒకటి. గెనిమ జరిపిన వాళ్లలో మా నాయన ఉన్నాడు. మా తోట వంక పక్కనే. కొలిపిస్తే పన్నెండు సెంట్లు వంకవి మా కంచె లోపల ఉన్నాయి. అందులో ఎనిమిది మామిడి చెట్లు. నా పెళ్లికి ముందు నాటినవి. వాటి కాయలు అమ్మిన డబ్బు నేనూ తిన్నాను, నా పిల్లలూ తిన్నారు. పోయిన వేసవిలో ఐదు చెట్లు కొట్టేసి ఆ మేరకు కంచె వెనక్కి జరిపినాను. ఇంకా మూడు ఉన్నాయి. కాపు మీద ఉన్నాయి, ఈ ఒక్క ఏడాది అని ఇంట్లో ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా చెప్పలేకపోయినాను. ఇది కూడా రాయాల కాబట్టి రాస్తున్నా.

ఎందుకంటే ఊరి పుస్తకం అంటే ఊరి గొప్పలు మాత్రమే రాసుకునేది కాదు. మా గుడి గొప్ప, మా జాతర గొప్ప, మా ఊరి నుంచి ఇంతమంది అమెరికా పోయినారు, ఇవి రాయడం సులువు. వంక పేరు రాసి, దాని పక్కన ఎవరు ఎంత జరిపినారో రాయాలంటేనే చేతులు వణుకుతాయి. అది రాసినప్పుడే ఆ పుస్తకానికి విలువ.

కొందరు అంటారు, “ఏం సామీ, రాస్తే వాన వస్తాదా? రాస్తే రేటు వస్తాదా?” రాదు. 2025లో తోతాపురి లారీలు ఫ్యాక్టరీల ముందర రోజుల తరబడి నిలబడినాయి. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు. అప్పుడు అందరూ అడిగింది ఏమిటి? ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల తోట, ఎన్ని టన్నుల కాయ, ఎవరిది సొంతం, ఎవరిది కౌలు. ఆ లెక్క మన దగ్గరే ఉండి ఉంటే మన నోటితో మనం చెప్పేవాళ్లం. లేదు కాబట్టి వాళ్లు చెప్పింది విన్నాం. రాయడం వల్ల కడుపు నిండదు. రాయకపోవడం వల్ల మాత్రం నోటి కాడ కూడు పోతుంది.

ఇంకొందరు అంటారు, “రాస్తే ఊళ్లో కొట్లాటలు వస్తాయి.” ఈ మాట నిజం. నేనూ భయపడతా. మా ఊళ్లో కూడా ఒకాయన నాతో మాట్లాడడం మానేసినాడు. కానీ రాయకపోతే కొట్లాట లేదా? ఉంది. 2021లో ఆ రాత్రి కొట్లాట జరిగింది, ఒక వైపు వాళ్లే నష్టపోయినారు కాబట్టి మనకు కొట్లాట అనిపించలేదు, అంతే.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2002 వాల్టా చట్టం చెరువులు, నీటి దోవలను కాపాడమనే చెప్తుంది. పంజాబ్‌లో పటియాలా జిల్లాలో ఒక ఊరి కుంటను పూడ్చి ఇండ్లు కట్టుకున్నారు. జగ్‌పాల్ సింగ్ కేసు అంటారు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి నేలను ఎన్నాళ్ల నుంచి ఆక్రమించుకున్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టుకున్నా అది హక్కు కాదని, అట్లాంటి నేలలు ఊరికి తిరిగి అప్పజెప్పాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కోర్టు దాకా పోకుండా మనమే కూర్చుని సర్దుకుంటే ఇంకా మేలు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు, వాళ్లలో ఒక ఆడపిల్ల ఉండాల. దళితవాడ నుంచి ఒకరు కచ్చితంగా ఉండాల. ఊళ్లో డెబ్బై దాటిన వాళ్లందరి దగ్గరికీ పోయి కూర్చుని అడిగి రాయండి.

1. చెరువులు, కుంటలు, వంకలు, తూములు, మొరవ. ఒక్కోదాని పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, గుర్తులు ఏవి. నడుచుకుంటా పోయి ఫోన్లో ఫోటోలు తీయండి.

2. ఉమ్మడి నేలలు. మేత బీడు, శ్మశానం, శ్మశానం దోవ, కల్లాలు, బండి దోవలు.

3. బోర్లు. ఎన్ని వేసినారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడినాయి, ఎన్ని ఎండిపోయినాయి, ఏ ఏడాది.

4. పంటలు. పాతవి, ఇప్పటివి. చెరుకు, చెనిక్కాయ ఎప్పుడు తగ్గినాయి, గానుగ ఎప్పుడు ఆగింది, మామిడి ఎప్పుడు పెరిగింది. సొంతం ఎంత, కౌలు ఎంత.

5. పాలు. ఎన్ని ఆవులు, ఎన్ని ఎనుములు. పాల డబ్బు ఏ చేతికి వస్తుంది అనేది ఆడోళ్లను అడిగి రాయండి, మగోళ్లను కాదు.

6. మనుషులు. ఎవరు ఎక్కడికి పోయినారు, ఎన్ని ఇండ్లకు తాళం. ఊళ్లో ఇంకా ఏ చేతిపనులు తెలిసినవాళ్లు ఉన్నారు.

7. పంచాయతీకి వచ్చిన డబ్బు, అయిన పనులు. ఇది రాసి అక్కడే ఆపకండి. గోడ మీద సున్నం కొట్టి పెద్ద అక్షరాలతో రాయించండి. ఫ్లెక్సీ కన్నా గోడే మేలు, గాలికి చిరగదు.

రాసింది దాచుకోకండి. గ్రామసభలో చదవండి. ఏడాదికి నాలుగు తేదీలు అందరికీ తెలిసినవే: జనవరి 26, ఏప్రిల్ 24, ఆగస్టు 15, అక్టోబర్ 2. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు. మన ఊళ్లో ఆ రోజు ఎంతమందిమి పోయినాం? పోయినవాళ్లం సంతకం పెట్టి, ఫోటో దిగి వచ్చేసినాం. ఈసారి ఒక చేత్తో నోటుబుక్కు పట్టుకుని పోదాం. చదివినాక తప్పు ఉంటే ఊరే చెప్తుంది, అక్కడికక్కడ దిద్దుకోవచ్చు. ఆ చదివిన సంగతులు సభ తీర్మానం పుస్తకంలో ఎక్కించమని అడగండి. అప్పుడు రేపు ఎవరన్నా ‘పాత పటం చినిగిపోయింది’ అంటే మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.

మా ఊళ్లో మొదలుపెట్టినాం. ఇప్పటికి పంతొమ్మిది పేజీలు అయినాయి. వంక పేజీలో మొదటి పేరు మా నాయనదే రాయించినాను. పన్నెండు సెంట్లు, ఎనిమిది చెట్లు, ఐదు తీసినారు, మూడు ఉన్నాయి అని. రాసే పాప మొహమాటపడి “పెదనాయనా, ఇది కూడా రాయాల్నా?” అని అడిగింది. రాయమ్మా అన్నాను. ఈ కాపు కోసిన మర్నాడు ఆ మూడు చెట్లు కూడా తీసేస్తా. అప్పుడు ఆ వరుస దిద్దిస్తా. తీయకపోతే మీరే నన్ను అడగండి.

గుడిమల్లం గోడ మీద రాసినవాళ్లు గొప్ప పండితులు అయ్యుండొచ్చు. కానీ వాళ్లు రాసింది మన మాదిరి వాళ్ల సంగతే: నేల, ఆవులు, దీపానికి నెయ్యి. మనకు రాయి చెక్కే పని లేదు. నోటుబుక్కు నలభై రూపాయలు.

ఇది నా అభిప్రాయం. తప్పు ఉంటే చెప్పండి, దిద్దుకుంటా. మీ ఊరి వంక పేరు ఏమిటో, అది ఇప్పుడు ఎన్ని అడుగులు మిగిలిందో మాత్రం తప్పకుండా రాయండి.

ఉంటాను. అందరికీ మంచి వానలు పడాల.